బంతి ఊపిరి

పిల్లి దగ్గితే దగ్గినట్టు ఉండదు. పొట్ట నేలకి ఆనించి, మెడ ముందుకి సాగదీసి, ముందుకాళ్ళు మోచేతుల దగ్గర పక్కలకి విప్పి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ‘హక్, హక్, హక్’ అంటుంది. ఆఖర్న ఒక గుటక వేసి, మూతి నాక్కుని, లేచి తన దారిన తను పోతుంది. చూసినవాళ్ళు ఎవరైనా వాంతి చేసుకోబోతోందనే అనుకుంటారు. బంతి మా ఇంటికి వచ్చిన కొత్తలో ఇలా చేసినప్పుడల్లా మా పాప పాత పేపరు పట్టుకుని పరిగెత్తేది. పేపరు మీద ఎప్పుడూ ఏమీ పడలేదు.

బంతిది కడియపులంక. దీపావళి వెళ్ళాక ఒక పెళ్ళికి రాజమండ్రి వెళ్ళి, విజయవాడ తిరిగి వస్తూ మొక్కల కోసం అక్కడ ఆగాం. మా అమ్మ వైపు వరసకి మావయ్య ఒకాయనకి అక్కడ నర్సరీ ఉంది. కార్తీకమాసంలో కడియం చూడాలి. షేడ్ నెట్ల కింద ఎకరాలకి ఎకరాలు పాలిథీన్ సంచుల్లో చామంతులు, బంతులు, గులాబీలు, కాలవ నీళ్ళతో ఎప్పుడూ తడిగా ఉండే నేల, ఆ తడి మట్టి వాసన. మేం మందారాలు ఏరుకుంటుంటే బంతి నారు వరసల మధ్య నుంచి పసుపుపచ్చ కూన ఒకటి బయటికొచ్చింది. నోట్లో బల్లి తోక ఇంకా కదులుతోంది. మా పాప అక్కడే కూలబడిపోయింది. “పట్టుకెళ్ళండమ్మా, తల్లీ ఇంకో కూనా ఇక్కడే ఉంటాయి, నాకు ఎలకలకి అవి చాలు” అన్నాడు మావయ్య. మందారాల మధ్య అట్టపెట్టెలో కూర్చుని బంతి విజయవాడ వచ్చింది. నాలుగు నెలలు ఉంటాయన్నాడు మావయ్య. ఆ వయసు కూన రెండు కిలోలకి కాస్త అటూ ఇటూగా తూగాలి. ఇది కిలోన్నర కూడా లేదు.

మా అత్తయ్యగారికి ఇంట్లో పిల్లి ఉండటం ఇష్టం లేదు. తడిబట్ట కట్టుకుని వంట చేసే మనిషి. సత్యనారాయణపురంలో మాది పాత ఇల్లు, వెనక కాస్త పెరడు ఉంది. “అక్కడ ఉంచండి, గుమ్మం దాటి లోపలికి రానివ్వద్దు” అని ఊరుకున్నారు. చలి మొదలయ్యాక ఆ కట్టడి వంటింటి వరకే మిగిలింది. కూన హాల్లో, ఆవిడ మంచం కింద గోనెసంచి మీద పడుకునేది.

దగ్గు తగ్గలేదు. ఆడుకునేటప్పుడు ఎక్కువ వచ్చేది. దారం వెంట నాలుగు గెంతులు గెంతి ఆగిపోయి, కూలబడి ‘హక్, హక్’ అనేది. ఇరుగూ పొరుగూ ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పారు. దీపావళి మందుల పొగ అన్నారు, సాంబ్రాణి అన్నారు, దోమల చుట్ట అన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. పొగలేవీ పిల్లి ఊపిరితిత్తులకి మంచివి కావు కాబట్టి చుట్టలు, అగరొత్తులు ఆపేశాం. పక్కింటావిడ ఆదుర్దాగా తన మనవడి జలుబు సిరప్ సీసా తెచ్చింది. “చంటిపిల్లలకి వేసేదే కదమ్మా, రెండు చుక్కలు పట్టు” అంది. సీసా మీద పారాసెటమాల్ అని ఉంది. ఆ సీసా తిరిగి ఇచ్చేటప్పుడు ఆవిడని కూర్చోబెట్టి చెప్పాను. ఇక్కడా మళ్ళీ చెబుతాను, ఎందుకంటే ప్రేమకొద్దీ పిల్లుల్ని చంపే మందు ఇది. పారాసెటమాల్‌ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. పెద్దవాళ్ళ మాత్ర ఒక్కటి చాలు, రక్తం ప్రాణవాయువుని మోయలేని గోధుమరంగు ద్రవంగా మారిపోతుంది, చిగుళ్ళు నీలంగానో బురద రంగులోనో తిరుగుతాయి, మొహం వాస్తుంది. కర్పూరం, నీలగిరి తైలం ఉన్న బామ్‌లు గుండెకి పుయ్యడం, ముక్కు దగ్గర పెట్టడం కూడా వాటికి విషమే.

మొదట చూపించిన క్లినిక్‌లో డాక్టరుగారు బల్ల అవతలి నుంచే విని, ఒళ్ళు నాక్కోవడం వల్ల పొట్టలో చేరిన వెంట్రుకల ఉండ అన్నారు. అది జారిపోవడానికి గొట్టంలో వచ్చే జిగురు మందు ఇచ్చారు. స్టెత్ పెట్టలేదు. నట్టల మందు కూడా ఒక మోతాదు వేశారు. మళ్ళీ వెళ్ళినప్పుడు, ఆశ్రయాల్లోనూ గుంపుల్లోనూ పెరిగిన కూనలకి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు మామూలేనంటూ డాక్సీసైక్లిన్ రాశారు. నిజానికి అది తప్పు మందేమీ కాదు. బోర్డెటెల్లా, మైకోప్లాస్మా లాంటి సూక్ష్మజీవులు కూనలకి దగ్గు తెప్పిస్తే దానికే లొంగుతాయి. కానీ ఆ మాత్ర వేశాక వెంటనే సిరంజితో నీళ్ళు పట్టాలని మాకు మందుల షాపు కుర్రాడు చెప్పాడు. పొడి మాత్ర పిల్లి అన్నవాహికలో నిలిచిపోతే అక్కడ పుండు పడి, గొట్టం సన్నబడిపోతుందట. వాళ్ళింట్లో రెండు పిల్లులున్నాయి. ఈ ఒక్క మాట చీటీ మీద రాయడానికి ఎంతసేపు పడుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మందు పూర్తయింది. దగ్గు అలాగే ఉంది. బరువు పెరగడం ఆగిపోయింది. వెన్నుపూసలు చేతికి తగలడం మొదలైంది.

అప్పుడు గమనించింది అత్తయ్యగారు. నేను రాత్రి గిన్నెలు సర్దుకుని హాల్లోకి వచ్చేసరికి ఆవిడ మంచం మీంచి వంగి, సంచి మీద నిద్రపోతున్న బంతిని చూస్తున్నారు. “అమ్మాయ్, ఇలా రా” అన్నారు. “మీరంతా దీని గొంతు చూస్తున్నారు. గొంతు కాదు, డొక్కలు చూడు.”

చూశాను. నిద్రపోతున్న పిల్లి పక్కటెముకలు లేచీ లేవనట్టు లేచి పడాలి. బంతి డొక్కలు లోపలికి గుంటపడి, ఒక్క ఉదుటున పైకి తన్నుకొస్తున్నాయి. ఊపిరి పీల్చడం కన్నా వదలడానికి ఎక్కువ కష్టపడుతోంది. వదిలే చివర్లో పొట్ట కండరాలు బిగదీసి నొక్కుతోంది. పక్కనే చెవి పెడితే సన్నగా ఈల వినిపించింది.

“మీ ఆయనకి చిన్నప్పుడు అచ్చం ఇలాగే” అన్నారావిడ. మా ఆయనకి ఉబ్బసం ఉండేదని తెలుసు. గుడివాడలో ఉండగా రాత్రుళ్ళు కొడుకుని భుజాన వేసుకుని కూర్చునే తెల్లవార్చేవారని, మృగశిర కార్తెకి రైల్లో హైదరాబాదు తీసుకెళ్ళి దూద్‌బౌలిలో బత్తినివారి చేపమందు వేయించారని విన్నాను. కానీ ఆ రాత్రుళ్ళు ఆవిడ ఏం చూస్తూ కూర్చున్నారో ఆరోజు తెలిసింది. గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూసుకుంటూ నోట్లో అంకెలు లెక్కపెడుతున్నారు. పైకి లేచి కిందికి పడితే ఒకటి. నిమిషం తిరిగేసరికి యాభై నాలుగు. “బిడ్డ నిద్రపోతున్నప్పుడే లెక్క చూడాలి. మెలకువగా ఉంటే ఆటకీ ఏడుపుకీ కూడా పెరుగుతుంది.”

ఈ మాట తరవాత చూపించిన డాక్టరుగారు ఉన్నదున్నట్టు చెప్పారు. నిద్రలో ఉన్న పిల్లి నిమిషానికి ముప్పైకి లోపే ఊపిరి తీస్తుంది. నలభై దాటిందంటే ఆగకూడదు. ఇక కుక్క రొప్పినట్టు పిల్లి నోరు తెరిచి ఊపిరి తీసుకుంటే, గంటైనా ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గర ఉండాలి. కుక్కకి అది మామూలే, పిల్లికి ప్రాణం మీదికి వచ్చిన గుర్తు. పిల్లిని ఇంటికి తెచ్చే ప్రతివాళ్ళకీ టీకా కార్డుతో పాటు ఈ మూడు మాటలూ రాసి ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను. దీనికి పరికరం అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, గడియారం ఉంటే చాలు.

మర్నాడే తీసుకెళ్దామనుకున్నాం. ఆ తెల్లవారుజామునే బంతి నోరు తెరిచింది. నాలిక అంచు ఊదారంగులో ఉంది. పడుకోలేక, కూర్చోలేక మోచేతులు ఎడం చేసి మెడ చాచి నిలబడిపోయింది. ఎత్తుకోబోయిన మా పాపని అత్తయ్యగారు ఆపారు. “పట్టుకోకు, దాని గాలి దాన్ని పీల్చుకోనీ.” బుట్ట దాని ముందు పెడితే తనే లోపలికి వెళ్ళింది. కారులో అద్దాలు దించి, పాట లేకుండా, మాట లేకుండా, రాత్రంతా తెరిచి ఉండే ఇంకో ఆసుపత్రికి వెళ్ళాం.

అక్కడ డ్యూటీలో ఉన్నది వయసులో చిన్న డాక్టరమ్మ. మేం చెప్పేది సగం వింటూనే బుట్టతో సహా తీసుకెళ్ళి ఆక్సిజన్ పెట్టెలో పెట్టేసింది. పరీక్ష లేదు, ఎక్స్‌రే లేదు, సూది ఒక్కటే, అదీ క్షణంలో. “ఊపిరాడని పిల్లిని పట్టి నొక్కితే, ఎక్స్‌రే బల్ల మీద వెల్లకిలా పడుకోబెడితే అక్కడే పోవచ్చు. ముందు కుదుటపడనీయండి” అంది. తెల్లగా తెల్లారేసరికి నాలిక గులాబీ రంగుకి తిరిగింది. అద్దంలోంచి మా పాపని చూసి బంతి గుర్రుగుర్రుమనడం మొదలుపెట్టింది. అది సంతోషమే గానీ డాక్టరమ్మకి ఇబ్బంది. ఆ గుర్రులో స్టెత్‌కి ఇంకేమీ వినపడదు. ఆవిడ దూదికి కాస్త స్పిరిట్ అద్ది ముక్కుకి జానెడు దూరంలో చూపించింది. గుర్రు ఠక్కున ఆగింది. దొరికిన ఆ కాసిన్ని ఊపిరుల్లో కళ్ళు మూసుకుని ఎడమవైపు, కుడివైపు, వెనకవైపు వింది. ఒకరు అంత శ్రద్ధగా వింటుంటే పక్కన నిలబడడం కూడా ఎంత ధైర్యమో.

ఎక్స్‌రేలో, గాలితో నల్లగా ఉండాల్సిన ఊపిరితిత్తుల నిండా దూదిపింజలు చల్లినట్టు తెల్లటి మచ్చలు. ఉబ్బసమైనా ఇలాగే ఉండొచ్చు, ఇంకోటైనా ఇలాగే ఉండొచ్చు అంది. ఉబ్బసమైతే జన్మంతా పీల్చే మందు వాడాలి. ఆ మాట విని మా ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. “కానీ ఇంత చిన్న కూనకి అంత తొందరగా ఉబ్బసం అనబుద్ధి కావడం లేదు” అని, అప్పుడు అడిగింది: “ఇది ఎక్కడ పుట్టింది?”

కడియం నర్సరీలో అన్నాను.

“నత్తలున్నాయా అక్కడ?”

నత్తలు లేని నర్సరీ ఉంటుందా. కుండీల అంచులకి, సంచుల అడుగుకి, రాత్రయితే గోడల మీద కూడా. పిడికిలంత పెద్దవి కూడా ఉంటాయి. బల్లి తోక సంగతి మా పాప చెప్పింది. డాక్టరమ్మ కాగితం మీద పొడవాటి పేరు ఒకటి రాసింది, ఈలురోస్ట్రాంజైలస్ అబ్‌స్ట్రూసస్. పిల్లుల ఊపిరితిత్తుల్లో ఉండే నట్ట. సన్నటి గాలిగొట్టాల చివర కాపరం పెట్టి అక్కడే గుడ్లు పెడుతుంది. గుడ్లు అక్కడే పగులుతాయి. పిల్ల పురుగులు గొట్టంలో పైకి పాకుతాయి, దగ్గుతో గొంతులోకి వస్తాయి, మింగుడుపడి పేడలో బయటికి పోతాయి. ఆ పేడ మీద పాకిన నత్తలోకి చేరి ఎదుగుతాయి. నత్తని తిన్న బల్లిలో, కప్పలో, ఎలకలో, పిట్టలో కాచుకుని ఉంటాయి. కూన ఆ బల్లిని తింటే మళ్ళీ ఊపిరితిత్తులకి చేరతాయి.

“మేం పేడ పరీక్ష చేయించామండీ, ఏమీ లేదన్నారు. నట్టల మందూ వేశారు” అన్నారు మా ఆయన. మామూలు పరీక్షలో గుడ్ల కోసం వెతుకుతారని, దీనివి పేడలోకి గుడ్లుగా రావని, పిల్ల పురుగులుగా వస్తాయని ఆవిడ చెప్పింది. కడుపులో నట్టలకి వేసే మామూలు మందు ఊపిరితిత్తుల దాకా పనిచెయ్యదు. ఈ పురుగుకి పరీక్ష వేరు. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అక్కడ పరాన్నజీవుల విభాగంలో చేస్తారు, తాజా పేడ కావాలి, పురుగులు రోజూ పడవు కాబట్టి వరసగా మూడు రోజులది కావాలి అంది.

పొద్దున్నే ఇసుక టబ్బు దగ్గర కాచుకుని, స్టీలు చెంచాతో చిన్న డబ్బాలోకి తీసి, పేరూ తేదీ రాసి రామవరప్పాడు రింగు మీదుగా గన్నవరం పట్టుకెళ్ళే పని మా ఆయన తీసుకున్నారు. ఎనికెపాడు, నిడమానూరు, గూడవల్లి దాటుతూ లారీల మధ్య ఆ డబ్బాని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని నేను. ఆ ప్రయోగశాలలో పరికరం చూసి ఆశ్చర్యపోయాను. అంత గొప్ప పని చేసేది గాజు గరాటు. కాడకి రబ్బరు గొట్టం, గొట్టానికి క్లిప్పు. గరాటు నిండా గోరువెచ్చని నీళ్ళు, పేడని గుడ్డలో మూటకట్టి అందులో వేలాడదీస్తారు. రాత్రంతా అలా వదిలేస్తే పురుగులు వెచ్చదనానికి మూటలోంచి బయటికి వస్తాయి. వాటికి పైకి ఈదడం చేతకాదు, కాడలోకి దిగిపోతాయి. 1917లో డచ్ వాళ్ళ ఏలుబడిలోని ఈస్ట్ ఇండీస్‌లో పనిచేసిన బేర్మన్ అనే జర్మన్ వైద్యుడు, కూలీలకి పట్టే కొంకిపురుగుల లార్వాలు మట్టిలో ఉన్నాయేమో చూడటానికి ఈ ఉపాయం కనిపెట్టాడట. నూరేళ్ళు దాటినా ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు.

మర్నాడు అక్కడి మేడమ్ క్లిప్పు వదిలి, అద్దపు పలక మీద రెండు చుక్కలు పట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి, కాస్త సర్ది, “మీరూ చూడండి” అని పక్కకి జరిగారు. మసకమసకగా ఉన్నదాని మధ్యలో ఒకటి మెలికలు తిరుగుతోంది. మిల్లీమీటరులో సగం కూడా ఉండదట, అద్దంలో బారెడు కనిపించింది. ముడుచుకుంటోంది, విప్పుకుంటోంది, క్షణం ఆగడం లేదు. తోక చివర సూటిగా లేదు. ఎస్ అక్షరంలా వంపు తిరిగి, పైన చిన్న ముల్లు. “ఆ వంపే గుర్తు” అన్నారావిడ. ఇన్నాళ్ళూ ఇంట్లో అందరం పొగనీ, చలినీ, వెంట్రుకల్నీ తిట్టుకున్నాం. శత్రువు ఇదీ అని కంటితో చూశాక నాకు భయం పోయింది. దానికి మందు ఉంది మరి.

మందు ఫెన్‌బెండజోల్, తెల్లటి ద్రవం. కిలో బరువుకి 50 మిల్లీగ్రాముల లెక్కన రోజూ, డాక్టరమ్మ చెప్పినన్నాళ్ళు. చచ్చిన పురుగులు ఊపిరితిత్తుల్లోనే కరగాలి కాబట్టి ఆ వాపుకి కొన్నాళ్ళు ప్రెడ్నిసొలోన్ కూడా. “మొదట్లో దగ్గు పెరిగితే కంగారుపడకండి, అంకె పెరిగితే మాత్రం వచ్చెయ్యండి” అంది. అంకె అంటే నిద్రలో ఊపిరి లెక్క. ఆ లెక్క రాసే పని అత్తయ్యగారు ఎవరికీ ఇవ్వలేదు. పాలవాడి పద్దు రాసే క్యాలెండరులోనే, తారీకు కింద పాల లీటర్లు ఎర్ర సిరాతో, బంతి ఊపిర్లు నీలం సిరాతో. ఈ పురుగు ఒక పిల్లి నుంచి నేరుగా ఇంకో పిల్లికి గానీ మనుషులకి గానీ అంటదని డాక్టరమ్మ చెప్పాక అత్తయ్యగారు గోనెసంచి తీయించేసి, తన పాత నేత చీర మడతపెట్టి వేశారు.

తినడమే కష్టమైంది. ఊపిరాడని పిల్లి తిండి మానేస్తుంది, మింగడానికి ఊపిరి ఆపాలి కదా. చేపముక్క ఉడకబెట్టి, ముళ్ళు తీసి, గోరువెచ్చగా ఉండగానే వాసన ఎగేటట్టు ముక్కు కింద పెడితే రెండు నాకులు నాకేది. ఆ వంట పెరటి పొయ్యి మీద, నా చేత. చెప్పేది అత్తయ్యగారు, గుమ్మంలో నిలబడి, ఇటు తిరగకుండా.

అంకెలు ఒక్కసారిగా దిగలేదు. నలభైల్లోకి వచ్చి, మళ్ళీ యాభై చూపించి, మళ్ళీ తగ్గాయి. ముప్పై అయిదు దగ్గర చాలాకాలం మొండికేశాయి. ముందు డొక్కల్లో ఆ తన్ను పోయింది, తరవాత ఈల పోయింది, దగ్గు అన్నిటికన్నా ఆఖర్న. ధనుర్మాసం ముగిసేసరికి క్యాలెండరులో ఇరవై ఎనిమిది చూశాం. రెండో గరాటు పరీక్షలో ఒక్క పురుగూ లేదు. ఎక్స్‌రేలో మచ్చలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి, అవి మానడానికి నెలలు పడుతుందన్నారు. అన్నాళ్ళూ వాయిదా వేసిన టీకా అప్పుడు వేశారు. సూది గుచ్చుతుంటే బంతి డాక్టరమ్మ చెయ్యి కొరికింది. ఆవిడ సంతోషించింది.

కడియంలో తల్లిపిల్లీ ఇంకో కూనా ఉన్నాయి కదా అని నాకు లోపల పీకుతూనే ఉంది. సంక్రాంతి పలకరింపుకి ఫోన్ చేసినప్పుడు మావయ్యకి అంతా చెప్పాను. నత్తల మందు చల్లించేస్తానన్నాడు. వద్దని గట్టిగా చెప్పాను. నత్తలకి వేసే మెటల్డిహైడ్ గుళికలు తింటే పిల్లులూ కుక్కలూ వణికి వణికి చచ్చిపోతాయి. పొద్దున్నే చేత్తో ఏరించి ఉప్పునీళ్ళ బకెట్లో వేయించమన్నాను. పిల్లుల పేడ నారుమళ్ళలో ఉండనివ్వద్దన్నాను. ఆ కూన నిద్రపోయేటప్పుడు డొక్కలు ఎలా చూడాలో, ఎలా లెక్కపెట్టాలో అత్తయ్యగారు ఫోన్ తీసుకుని ఆయనకి చెప్పారు. ఆయన రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు.

వారం తిరగకుండా ఫోన్ వచ్చింది. వెనక బస్సు హారన్లు వినిపిస్తున్నాయి. కూనని గంపలో పెట్టుకుని రాజమండ్రి పశువుల ఆసుపత్రికి బయల్దేరాడట. “నలభై ఆరు వచ్చిందమ్మా, మీ అత్తగారు చెప్పినట్టే చూశాను. ఎక్కువేనా?”

“ఎక్కువే మావయ్యా. ఆ అంకె, నత్తల సంగతి రెండూ డాక్టరుగారికి చెప్పు. గన్నవరం పరీక్ష పేరు రాసి పంపిస్తున్నాను” అన్నాను.